ప్రెస్సావిడ

అయినా ఆ దెబ్బ నాకు తగలాల్సింది, దానికెందుకు తగలాలి, అనుకుంటూ చెల్లెలి స్వెట్టరుకి గుండీలు పెడుతున్నాను. పై గుండీ కాజాలో పట్టడం లేదు. అది గడ్డం పైకెత్తి, కళ్లు మూసుకుని, చేదు మందు మింగబోయే పిల్లలా నిలబడింది. వెనక నుంచి అమ్మ దానికి జడ అల్లుతోంది. ముందు నేను, వెనక అమ్మ, మధ్యలో అది. ఆ చలికాలమంతా మాకు తెల్లవారడమంటే ఇదే.

“అక్కా, గుండీ పెడుతున్నావా, గొంతు పిసుకుతున్నావా?”

“రెండూనూ.”

“కదలకండే ఇద్దరూ, పాయ జారిపోతోంది” అంది అమ్మ.

చెల్లెలు కిసుక్కున నవ్వింది. దాని కుడిచెయ్యి మాత్రం ఆ నవ్వుతో సంబంధం లేనట్టు పక్కన వేలాడుతూ ఉండిపోయింది. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. మధ్యలో రెండు లేవు. చూపుడువేలు లోపలికి ముడుచుకుపోయి, అరచేతిలో దేన్నో దాచుకున్నట్టుంటుంది. ఎదుటివాళ్లు ఆ చేతిని చూసి చప్పున చూపు తిప్పుకుంటారు. నేను తిప్పుకునేదాన్ని కాదు. మన వస్తువు పొరపాటున పక్కింట్లో కనిపిస్తే ఎలా చూస్తాం? అలా చూసేదాన్ని.

ఎందుకంటే ప్రెస్సు నాది. ఒకరి విజిటింగ్ కార్డులు ఇంకొకరికి కట్టి ఇచ్చేసినట్టు, నాకు రావలసింది దానికి చేరింది.

మా ఊళ్లో గని కూలినప్పుడు లోపల ఎవరూ లేరని యాజమాన్యం చెప్పింది. లోపల ఉండిపోయినవాళ్ల ఇళ్లనుంచి ఆడవాళ్లు నా ప్రెస్సుకి వచ్చి ఒక్కొక్క పేరు చెబుతుంటే, నేను ఒక్కొక్క అక్షరం ఏరి పేర్చి, పోస్టరు వేశాను. తెల్లారేసరికి ఊరి గోడలన్నీ ఆ పేర్లే. ఇంకో విడత వెయ్యడానికి కాగితం చాలక, చెల్లెల్ని ప్రెస్సులో కూర్చోబెట్టి కాగితం కొట్టుకి వెళ్లాను. అది ఏనాడూ ఒక్క అక్షరం పేర్చింది కాదు. సిరా కంపంటూ ముక్కు మూసుకుని లోపలికొచ్చే మనిషి. అప్పుడు గనివాళ్ల మనుషులు వచ్చారు. “ప్రెస్సావిడవి నువ్వేనా?” అని అడిగారు. అవునంది. దాని చేతిని అచ్చు మిషను పలకల మధ్య పెట్టి మోటారు స్విచ్చి నొక్కారు.

ఆ పలకలో అక్షరాల ఫారం బిగించింది నేను. ఆ పేర్లు పేర్చింది నేను.

ఈ మాట ఈ దేశానికొచ్చాక ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పానో. ప్రతివాళ్లూ తలూపి, తర్వాత దాని చేతివైపు చూసేవాళ్లు.

*

ఆశ్రయం అడిగినవాళ్లకి ఇచ్చే వసతిలో మాదొక గది. మూడు మంచాలు, ఒక కిటికీ, గోడకి ఒక హీటరు. హీటరు పక్క మంచం చెల్లెలిది. చలికి దాని చెయ్యి బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పింది కాబట్టి ఎవరూ మాట్లాడలేదు. స్నానాల గది వరండా చివర. అక్కడ క్యూలో నిలబడితే దాన్ని చూసి ముందువాళ్లు జరిగి దారిచ్చేవాళ్లు. అది మొహమాటం లేకుండా వెళ్లిపోయేది. తిరిగొచ్చేటప్పుడు నన్ను దాటుతూ, “నీళ్లు వేడిగా ఉన్నాయే అక్కా, నీ వంతు వచ్చేసరికి ఉంటాయో లేదో” అనేది.

పాపం అనిపించుకునే రకం కాదు అది. గిన్నెలు కడగాల్సి వస్తే మాత్రం, “అబ్బా, చెయ్యి లాగేస్తోంది” అని మంచం ఎక్కేది. లాగేది నిజమే కావచ్చు. కాదని ఎవరు చెప్పగలరు? నొప్పికి అదొక సౌకర్యం, పక్కవాళ్లు చూడలేరు. నాకున్నవి పక్కవాళ్లు చూడలేనివి కూడా కాదు, అసలు పేరు లేనివి. అచ్చు మిషను చప్పుడు లాంటి చప్పుడు ఎక్కడ విన్నా, బట్టలుతికే మిషను తిరిగినా, నా దవడ బిగుసుకుపోతుంది. దాన్ని ఎవరైనా ఫోటో తీస్తారా?

దాని చేతిని తీశారు. గాయాల గురించి కోర్టుకి రాసిచ్చే డాక్టరు దగ్గరికి తోడుగా నేనే వెళ్లాను. ఆవిడ చిన్న స్కేలు పెట్టి ఒక్కొక్క మచ్చని కొలిచి, దీపం కింద పెట్టి, ఇటు తిప్పి అటు తిప్పి ఫోటోలు తీసింది. ఎంత నెమ్మదిగా పట్టుకుందో ఆ చేతిని! కొత్తగా వచ్చిన సీసపు టైపుని పొట్లం విప్పి చూసుకునేటప్పుడు నేను కూడా అంత నెమ్మదిగానే పట్టుకునేదాన్ని. పని అయ్యాక మర్యాదకి నావైపు తిరిగి, మరి మీకు అన్నట్టు కనుబొమలెత్తింది. నేను రెండు చేతులూ చాపాను. ఎందుకు చాపానో తెలియదు. ఆవిడ చూసి, నవ్వి, బాగున్నాయన్నట్టు బొటనవేలు పైకెత్తింది.

ఈ దేశంలో దిగినప్పుడు నా గోళ్ల మొదట్లో సిరా ఉండేది. ఎంత రుద్దినా పోని సిరా. కొన్నాళ్లు నేను రుద్దడం కూడా మానేశాను, అదొక్కటే కదా నాకున్న సాక్ష్యం అని. కానీ గోళ్లు పెరుగుతాయి. నలుపు పైకి పైకి జరిగి, ఒకరోజు చివరికొచ్చింది. కత్తిరించుకుని కిటికీలోంచి పారేశాను.

*

మా లాయరమ్మకి ఎప్పుడూ జలుబే. మా భాషలోంచి వాళ్ల భాషలోకి చెప్పే ఆయన మాత్రం గట్టి మనిషి. ఈ దేశానికి రాకముందు బస్సు కండక్టరట. అందుకని మేం కండక్టరు గారనే పిలిచేవాళ్లం. ఆయనకీ అదే ఇష్టం. గొంతు కూడా అదే, చివరి సీటుదాకా వినిపించాలన్నట్టు.

మొదటిరోజే మాకు ఆయన ఒక పద్ధతి నేర్పారు. “చూడండమ్మా. మీరు ఆగగానే నేను అందుకుని అటు చెప్పేస్తాను. ఒక్కసారి చెప్పేశానా, అది రాతలోకి ఎక్కిపోతుంది. తర్వాత అయ్యో ఇంకోటి మరిచిపోయానంటే, ఇదంతా ఇప్పుడెందుకు పుట్టుకొచ్చిందంటారు. అంచేత మీ మాట అయిపోలేదనుకోండి, చెయ్యెత్తండి. నోటితో పిలవక్కర్లేదు. చెయ్యెత్తితే ఎక్కడైనా సరే ఆపేస్తా. జీవితమంతా చేసిన పనే.”

“ఏ చెయ్యెత్తినా ఆపుతారా?” అంది చెల్లెలు, కుడిచెయ్యి పైకెత్తి.

“నీ చెయ్యికైతే స్టాపు లేకపోయినా ఆపుతానమ్మా, టికెట్టు కూడా అడగను.”

అమ్మకి వినికిడి తక్కువ. అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వింది. లాయరమ్మ కూడా, ఏమన్నారో అడిగి తెలుసుకుని, ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే, ఆ జోకు కూడా దానికే దక్కింది కదా అనుకున్నాను.

ఆశ్రయం అడిగితే మా ఇద్దరికీ మొదట్లో ‘కాదు’ అనే వచ్చింది. కానీ ఆ కాదనడంలోనూ తేడా ఉంది. చెల్లెలికి రాసింది ఇదీ: జరిగినదాన్ని నమ్ముతున్నాం, విచారిస్తున్నాం. అయితే అది ఆ ఒక్కరోజుతో ముగిసింది, ఆ తర్వాత ఆమెకోసం ఎవరూ రాలేదు, కాబట్టి తిరిగి వెళితే ప్రమాదం లేదు. నాకు రాసింది: ఈమెకి అచ్చుపని తెలుసునని ఒప్పుకుంటున్నాం. ఈమె కోసం ఎవరైనా వెతుకుతున్నారనడానికి ఆధారం లేదు.

విచారిస్తున్నాం అన్న మాట నా కాగితంలో లేదు. ఆశ్రయం ఇంటర్వ్యూలో అధికారికి మిషను ఎలా నడుస్తుందో, కాగితం ఎప్పుడు పెట్టాలో, చెయ్యి ఎప్పుడు లాగేసుకోవాలో, వేళ్లతో గాల్లో చేసి చూపిస్తూ ఎంతసేపు చెప్పానో. ఏడవలేదు. ఏడవాలని తోచలేదు. చెల్లెలు ఏడ్చిందట. చెప్పింది, సిగ్గుపడుతూ కాదు, మామూలుగా, జలుబు చేసిందని చెప్పినట్టు.

లాయరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని అప్పీళ్లు రాస్తానంది. చెల్లెలు ముందుకు వంగి, “కండక్టరు గారూ, ఒక మాట చెప్పండి ఆవిడకి. వాళ్లు నాకోసం రాలేదు. అక్క కోసం వచ్చి నన్ను పట్టుకున్నారు. పొరపాటది. అదే నా కేసుకి దెబ్బేమో?” అంది.

లాయరమ్మ జవాబు కండక్టరు గారి గొంతులో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. “పొరపాటైనా ఫర్వాలేదంటున్నారు. మీరెవరన్నది కాదట లెక్క. వాళ్ల కళ్లకి మీరెవరన్నదే చట్టం చూస్తుందట. వాళ్ల కళ్లకి ప్రెస్సావిడ మీరే.”

అలా నా ప్రెస్సు కూడా దానికి వెళ్లింది. నాన్న పోయాక, ఆడపిల్ల మిషను తొక్కుతుందా అని నవ్వినవాళ్ల ముందు, సీసపు అక్షరాలు మోసి మోసి సంపాదించుకున్న పేరు. ముక్కు మూసుకుని లోపలికొచ్చే పిల్లకి, ఒక్క ‘అవును’కి.

“మరి నాకు?” అని అడిగాను.

లాయరమ్మ నా కాగితాలు తిరగేసింది. “మీకు ఫోను వచ్చిందన్నారు కదా, ఆ సంగతే మీకున్న ఒకే ఒక ఆధారం అంటున్నారు. చెల్లెలు ఆసుపత్రిలో ఉండగా, మీ ఇంటికి ఫోను చేసి, ప్రెస్సావిడేనా అని అడిగారు. మీరు అవునన్నారు. బెదిరించారు. అంటే అప్పటికి వాళ్లకి అసలు మనిషి ఎవరో తెలిసిందని వాదించవచ్చట.”

నేను తలూపాను.

“ఇంకొకటి. అమ్మగారి పేరు ఎవరి కేసులో కలపమంటారు? ఎవరికి అనుమతి వస్తే వాళ్లతో ఉంటారు.”

కండక్టరు గారు అమ్మ చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పారు. అమ్మ ఎవరివైపూ చూడలేదు. ఆలోచించను కూడా లేదు.

“చిన్నదానితో” అంది.

బయటికొచ్చాక, మెట్ల మీద, నా మోచెయ్యి పట్టుకుని దిగుతూ అంది: “దానికి జడెవరు వేస్తారే? నీకేం, నువ్వు ఎక్కడున్నా బతికేస్తావు.”

చిన్నప్పటినుంచీ అమ్మ నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే. ఆ మాటతోనే ప్రతిసారీ నన్ను గుమ్మం బయట నిలబెట్టేది.

*

ఆ ఫోను సంగతి.

చెల్లెలు ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. అమ్మ దాని దగ్గర. నేను బట్టలు తీసుకెళ్దామని ఇంటికొచ్చాను. ఫోను మోగింది. మగగొంతు, తొందరేమీ లేదు.

“ప్రెస్సావిడేనా?”

“అవును” అన్నాను. ఆ మాట అనేటప్పుడు భయం లేదు నాకు. నిజం చెప్పాలంటే, ఊరట. నన్నే అడుగుతున్నారు, చివరికి నన్నే.

“చెయ్యి ఎలా ఉంది?”

నేను బట్టల సంచీని దగ్గరికి లాక్కున్నాను.

“ఇంకో చెయ్యి ఉందిగా. జాగ్రత్త.”

ఇక్కడి అధికారులకి నేను చెప్పినదంతా నిజమే. ఫోను వచ్చింది. ప్రెస్సావిడేనా అని అడిగారు. జాగ్రత్త అన్నారు. తక్కిన రెండు ముక్కలూ చెప్పలేదు. చెబితే ఆ ఫోను నాది కాకుండా పోతుంది. వాళ్లు వెతుకుతున్నది నన్ను కాదని, అప్పటికీ దాన్నేనని, నా నోటితోనే తేలిపోతుంది. దాని కాగితంలో ఖాళీగా ఉన్నదల్లా ఆ ఒక్క జాగా: ఆ తర్వాత ఆమెకోసం ఎవరూ రాలేదు. ఆ జాగాలో పెట్టవలసిన ముక్క నా దగ్గరుంది.

నా దగ్గరున్నది కూడా అదొక్కటే.

ఒక్కోసారి నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. దానికేం, చెయ్యి ఉంది, డాక్టరు ఉంది, అమ్మ ఉంది, కండక్టరు గారి జోకులున్నాయి. ఇన్ని ఉన్న మనిషికి ఇంకొకటి దేనికి?

*

అప్పీలు విచారణకి చెల్లెలిది ముందు. దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లినది నేనే కనుక నన్ను సాక్షిగా పిలుస్తానంది లాయరమ్మ. అంతకుముందు దాన్ని కూర్చోబెట్టి, అక్కడ అడగబోయే ప్రశ్నలే అడిగి చూసింది. సాక్షి వినకూడదని నన్నూ అమ్మనీ బయట బల్లమీద కూర్చోమన్నారు. గదికీ బల్లకీ మధ్య ఉన్నది చెక్క తడిక. కండక్టరు గారి గొంతుకి అదొక లెక్కా?

“అచ్చుపని మీది కాదు. మరి ప్రెస్సావిడవి నువ్వేనా అంటే అవునని ఎందుకన్నారు?”

చెల్లెలి జవాబు నాకు వినిపించలేదు. కండక్టరు గారికీ సరిగా అందలేదులా ఉంది. “గట్టిగా చెప్పమ్మా, వెనక సీటువాళ్లకి వినపడాలి” అన్నారు.

“అక్క కాగితం కట్ట మోసుకుంటూ వస్తూ ఉంటుంది” అంది అది. “వచ్చేసే వేళయింది. కాదంటే వాళ్లు కూర్చుని చూస్తారు. అవునంటే తొందరగా పని కానిచ్చుకుని పోతారనుకున్నా. అక్క వచ్చేలోపు.”

తడిక అవతల కండక్టరు గారు దగ్గారు. ఆ తర్వాత వాళ్ల భాషలో చెప్పారు. అది దాని మాట కన్నా పొట్టిగా ఉంది.

“ఏమంటోందే?” అని అడిగింది అమ్మ, నావైపు చెవి పెట్టి.

“ఏం లేదు. ప్రాక్టీసు.”

అలాంటి మాట విన్నప్పుడు మనసు కరగాలి కదా. నేను లోపలికి చూసుకున్నాను, కరిగిందా అని. కరగలేదు. ఇందులోనూ అదే ముందు, అనుకున్నాను. దెబ్బ తీసుకుంది, పేరు తీసుకుంది, అమ్మని తీసుకుంది. ఇప్పుడు నాకోసం చేసింది కూడా తనే అయింది. ఇక నేను దానికి చేయడానికేం మిగిల్చింది? నేను కాగితం కొట్లో రంగు బాగాలేదని కట్ట మార్పించి, తీరిగ్గా నడుచుకుంటూ వస్తున్నాను అప్పుడు. నేను తొందరగా వచ్చి ఉంటే అది నా చెయ్యి అయ్యేది. దాని ముందు నిలబడే అవకాశం కూడా నాకివ్వలేదు.

*

మర్నాడు పొద్దున వసతిలో కింద అంతస్తులో బట్టలుతికే గదికి ఇద్దరం వెళ్లాం. నేను మిషనులో బట్టలు వేస్తుంటే అది స్టూలు మీద కూర్చుని సబ్బుపొడి డబ్బా ఒళ్లో పెట్టుకుంది. నిన్నటినుంచి నేను దానితో సరిగా మాట్లాడలేదు.

“ఏమైంది నీకు?” అంది.

“ఏం కాలేదు.”

“అయింది. మూతి చూడు, బిగించిన పెట్టెలా. నువ్వు నన్ను చూడవే అక్కా. నా చేతినే చూస్తావు. వాళ్లందరూ చూడరు, నువ్వేమో అదే చూస్తావు.”

“చూడకుండా గుండీలెలా పెట్టమంటావు?”

“అబ్బో, గుండీలు! ఊరికే పెట్టడం లేదుగా, రోజూ గొంతు బిగిస్తున్నావు.” సగం నవ్వుతూనే అంది. తర్వాత నవ్వు ఆపేసింది. “కావాలా నీకిది?”

“ఏది?”

“ఇది.” కుడిచెయ్యి నా ముఖం ముందుకి చాపింది. “తీసుకో. లేని వేలు దురద పెడుతుంది, తెలుసా? గోకుదామంటే అక్కడేం ఉండదు. పళ్లు కొరుక్కుంటూ పడుకుంటా. అది కూడా కలిపి తీసుకో. నీ ప్రెస్సు, నీ పోస్టరు, నీ పేరు, అన్నీ నీకే. నాకెందుకే అవి? నాకు సిరా వాసన పడదు.”

“నేనడిగానా నిన్ను అవునని చెప్పమని?”

అనేశాను. అది సబ్బుపొడి డబ్బా కింద పెట్టింది. నేను తడిక బయట విన్నానని దానికి అర్థమైంది.

“అడగలేదు” అంది. “అడిగితే చెప్పకపోదునేమో. నువ్వు అడిగిన పని నేనెప్పుడు చేశాను?”

మిషను తిరగడం మొదలుపెట్టింది. నా దవడ బిగుసుకుంది. అది చూసింది. నా దవడవైపు చూసి, లేచి, ఏమీ అనకుండా మిషను ఆపేసింది. “చేత్తో ఉతుకుదాంలే. నువ్వు ఉతుకు, నేను చూస్తా” అంది.

నా దవడ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అది ఎప్పటినుంచి చూస్తోందో.

*

విచారణ రోజు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి చెల్లెలు కిటికీ దగ్గర నిలబడి ఉంది. స్వెట్టరు తొడుక్కుంది. కింది గుండీలన్నీ పెట్టి ఉన్నాయి. ఎడమచేత్తో పై గుండీ పట్టుకుని, నాలుక బయటపెట్టి, కాజాలోకి తోస్తోంది. జారింది. మళ్లీ తోసింది. అద్దం మీద దాని ఊపిరి మంచులా పట్టి, చెరిగి, మళ్లీ పట్టింది. నేను వెళ్లి పెట్టలేదు. గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

పట్టింది.

“చూశావా!” అంది నావైపు తిరిగి. “ఇక నీ ఉద్యోగం పోయింది.”

అమ్మ చప్పట్లు కొట్టినంత పని చేసింది. నాకు మొదట వచ్చిన ఆలోచన ఇదే: ఆ పని కూడా పోయిందా నాకు. ఆ ఎడమచెయ్యి మీద కూడా అసూయ వచ్చింది, ఎంత సిగ్గులేని సంగతి! అది తన విజయాన్ని నాకు చూపించడానికి ఆ చేతిని పైకెత్తి వేళ్లు ఆడించింది. సన్నటి వేళ్లు. పొట్టి గోళ్లు. ఒక్కదానికీ ఏమీ కాలేదు.

ఇంకో చెయ్యి ఉందిగా.

ఆ గొంతు అప్పుడు వినిపించింది, తొందరేమీ లేకుండా. ఎన్నిసార్లు ఆ మాటని నాకోసం దాచుకున్నానో, అన్నిసార్లూ అది మాటగానే ఉంది. వేళ్లుగా కనిపించడం అదే మొదలు.

“ఏంటలా నిలబడ్డావు? చలి వస్తోంది, తలుపెయ్యి” అంది అమ్మ.

*

విచారణ గదిలో ఎత్తు బల్ల వెనక తీర్పు చెప్పే పెద్దావిడ, కళ్లజోడు మెడలో గొలుసుకి వేలాడుతోంది. ఒక పక్క మా లాయరమ్మ, చెల్లెలు. ఇంకో పక్క ప్రభుత్వం తరఫు లాయరు, కుర్రాడే, జుట్టు తడిగా దువ్వుకుని వచ్చాడు. అమ్మ వెనక కుర్చీలో. బయట కూర్చోబెట్టిన నన్ను పిలిచి, కండక్టరు గారి పక్కన కూర్చోమన్నారు.

లాయరమ్మ అడిగినవి తేలిక. ఆరోజు ప్రెస్సుకి వచ్చేసరికి ఏం చూశాను, ఎవరు సాయం పట్టారు, ఆసుపత్రిలో ఏమన్నారు. చెప్పాను. కండక్టరు గారు చెప్పారు. పెద్దావిడ రాసుకుంది.

తర్వాత కుర్రాడు లేచాడు. మర్యాదగానే అడిగాడు.

“ఆ సంఘటన తర్వాత మీ చెల్లెల్ని వెతుక్కుంటూ ఎవరైనా మీ ఇంటికి వచ్చారా?”

“రాలేదు.”

“ఆసుపత్రికి?”

“రాలేదు.”

చెల్లెలు బల్లవైపు చూస్తోంది. లాయరమ్మ తుమ్ము ఆపుకుంది. కుర్రాడు ఒక కాగితం తిప్పాడు.

“మీ సొంత కేసులో ఒక ఫోను సంగతి చెప్పారు. ఆ ఫోను చేసినవాళ్లు వెతుకుతున్నది మిమ్మల్ని. మీ చెల్లెల్ని కాదు. అంతేనా?”

కండక్టరు గారు ఆ ప్రశ్నని మా భాషలో నా ముందు పెట్టి, ఎదురుచూశారు.

అంతే అంటే చాలు. ఇప్పుడు వీళ్లే నాకు ఇస్తున్నారు, ఇన్నాళ్లూ నేను అడుగుతున్నది. అసలు ప్రెస్సావిడ నేనేనని, వాళ్లకి కావలసింది నేనేనని, ఇంత పెద్ద బల్ల ముందు, ప్రభుత్వం నోటితో. ఆ గదిలో అందరూ ఒకేసారి నావైపు చూస్తున్నారు. దాని చేతివైపు ఎవరూ చూడటం లేదు. ఆ చలికాలం మొత్తం మీద నేను కోరుకున్నదంతా ఆ కాసేపట్లో నాకు దొరికింది.

“ఫోను వచ్చింది” అన్నాను. “నేనే తీశాను. ప్రెస్సావిడేనా అని అడిగారు. అవునన్నాను.”

ఆగాను. నేను ఆగానంటే ఆయన అందుకుంటారు.

చెల్లెలు ఎడమచేత్తో పై గుండీని తడుముకుంటోంది, ఊడిపోయిందేమో అన్నట్టు. తను పెట్టుకున్న గుండీ కదా, నమ్మకం లేదు. వెనకనుంచి అమ్మ దాని జడ సర్దబోయి, ఇక్కడ కూడదని గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుంది. అది ప్రేమే అయి ఉండాలి, నాలో కదిలింది. కాని పక్కనే ఇంకొకటి కూడా కదిలింది, బాగా తెలిసిన పాతది: ఇంతవరకూ అన్నిట్లోనూ ముందు నిలబడింది నువ్వు, ఇదొక్కటి నాది.

కండక్టరు గారు పెద్దావిడవైపు తిరిగి, ఊపిరి తీసుకుని, నోరు తెరిచారు.

నేను చెయ్యెత్తాను.